భాయ్ చెవి

ఆర్నెల్ల క్రితం చెవుల పరీక్ష చేయించుకున్నాను. ఇంట్లో టీవీ సౌండు గొడవలు ఎక్కువైపోయి, మా ఆవిడే పట్టుబట్టి తీసుకెళ్లింది. చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, "శబ్దం వినపడగానే బటన్ నొక్కండి సార్" అంది అక్కడి అమ్మాయి. కొన్ని వినపడ్డాయి. కొన్నింటికి వినపడి ఉంటుందిలే అనుకుని నొక్కాను. తర్వాత హెడ్‌ఫోన్లు తీసేసి, చెవి వెనక ఎముక మీద చిన్న బిళ్లలాంటిది ఆనించి మళ్లీ శబ్దాలు వినిపించింది. ఎముక మీద ఆ బిళ్ల తగలగానే నాకు మెకానిక్ భాయ్ గుర్తొచ్చాడు. ఆ తర్వాత ఏ శబ్దానికి బటన్ నొక్కానో, దేనికి నొక్కలేదో నాకే తెలీదు.

బయటికొచ్చాక కాగితం చూపించింది. తిన్నగా వస్తున్న గీత 4000 హెర్ట్జ్ దగ్గరికి రాగానే గోతిలో పడ్డట్టు దిగిపోయింది. పెద్ద శబ్దాల మధ్య ఏళ్ల తరబడి బతికినవాళ్లకి ముందు దెబ్బతినేది అక్కడేనట. "ఏదైనా ఫ్యాక్టరీలో చేశారా సార్?" అనడిగింది.

"లేదమ్మా, మెడికల్ రెప్‌ని" అన్నాను.

నా పాత మోటార్‌సైకిలు యెజ్డీ సంగతి చెబుదామా అనుకుని ఊరుకున్నాను. ఆ పిల్లకి యెజ్డీ అంటే ఏమిటో చెప్పడానికే అరగంట పడుతుంది. బయట నా తర్వాత నంబరు వాళ్లు కూర్చునున్నారు.

చెవులు పోయినా ముక్కు బాగానే ఉంది. ఆ సంగతి మొన్న మేనకోడలి కూతురి పెళ్లికి రాజమండ్రి వెళ్లినప్పుడు తెలిసింది. (రాజమహేంద్రవరం అని బోర్డులు మార్చారు గానీ నా నోరు తిరగదు.) పొద్దున్నే కల్యాణమండపంలో టిఫిన్ల హడావుడి తప్పించుకుని కోటిపల్లి బస్టాండు దగ్గర టీ తాగుతున్నాను. చెవి మిషన్లు రూములోనే వదిలేశాను. అంటే ఊరంతా దుప్పటి కప్పుకున్నట్టుంది. ఉన్నట్టుండి వాసన వచ్చింది. పెట్రోలు, కాలిన నూనె కలిసి, కాస్త తియ్యగా, గొంతుకి పట్టేసే వాసన. తల తిప్పేసరికి రోడ్డు మీద నీలం పొగ తేలుతోంది. ఆ పొగ చివర ఒక కుర్రాడు, వాడి కింద రెండు సైలెన్సర్లు. నంబరు ప్లేటు చూశాను. అంకెలన్నీ కూడితే తొమ్మిది.

"భాయ్ మనవడండి" అన్నాడు టీ కొట్టాయన, నేనడక్కుండానే.

ఆ బండి నాది.

*

అంకెలు కూడితే తొమ్మిది వస్తుందనే ఒక్క కారణానికే మా నాన్న ఆ బండికి ఒప్పుకున్నారు. మిగతా కారణాలన్నీ వద్దనడానికే ఉన్నాయి. మా కంపెనీ కిలోమీటరుకింతని టీఏ ఇచ్చేది. బుద్ధున్న రెప్పులంతా హీరో హోండా సీడీ100 కొనుక్కుని, టీఏలో సగం మిగుల్చుకునేవాళ్లు. ఆ బండి ప్రకటన అప్పట్లో అందరికీ నోటికొచ్చు. ఫిల్ ఇట్, షట్ ఇట్, ఫర్గెట్ ఇట్. పోయించు, మూసెయ్, మర్చిపో. నా యెజ్డీ సంగతి వేరు. పోయించు, ఆయిలు కలుపు, తన్ను, మళ్లీ తన్ను, ప్లగ్గు విప్పు, తుడువు, తన్ను. లీటరుకి ముప్పై వస్తే ఆ రోజు పండగ.

ట్రాన్స్‌ఫరై వెళ్లిపోతున్న సీనియర్ ఒకాయన దగ్గర కొన్నాను. రోడ్ కింగ్, 250 సీసీ, ఎర్ర ట్యాంకు. ట్యాంకు మీద ఎడమవైపు అరచేయంత సొట్ట. మైసూరులో తయారైన బండి. అంతకుముందు అదే ఫ్యాక్టరీ చెకోస్లొవేకియా వాళ్ల డిజైనుతో జావా పేరు మీద బళ్లు చేసేది. 1973 నుంచి యెజ్డీ అని పేరు మార్చారు. అయినా మా వైపు పాతవాళ్లు ఆఖరిదాకా దేన్నయినా జావా అనే పిలిచారు. సిలిండరు ఒక్కటే, సైలెన్సర్లు మాత్రం రెండు. ఒక ముక్కుకి రెండు రంధ్రాలు లేవా ఏమిటి, అనేవాడు భాయ్.

దాని అసలు విచిత్రం ఎడమకాలి దగ్గరుండేది. కిక్కూ అదే, గేరూ అదే. గేరు రాడ్డుని పాదంతో లోపలికి నొక్కి వెనక్కి తిప్పితే కిక్కు రాడ్డవుతుంది. తన్ని స్టార్టయ్యాక మళ్లీ ముందుకి పడుకోబెడితే గేరు. వినడానికి సులువే. మొదటి వారం ఒక పెద్ద ఫిజీషియన్ గారి క్లినిక్ ముందు, అరుగు మీద ఇరవై మంది పేషెంట్లు చూస్తుండగా, టై కట్టుకుని, చంకలో బ్యాగుతో ఆ రాడ్డు వెతుక్కోవడం నాకింకా గుర్తే. తొమ్మిదో తన్నుకి అరుగు మీంచి ఒక ముసలాయన దిగొచ్చి, "నువ్వుండు బాబూ" అని పక్కకి జరిపి, పంచె ఎగ్గట్టి ఒక్క తన్ను తన్నాడు. స్టార్టయింది. ఆయన ఆయాసానికి మందుకొచ్చిన మనిషి.

*

నా బ్యాగులో శాంపిల్సు, డాక్టర్లకి చూపించే లిటరేచర్ కార్డులు, ఆర్డరు బుక్కు ఉండేవి. వాటి అడుగున ఒక స్పేర్ ప్లగ్గు, ప్లగ్గు పానా, గరుకు కాగితం ముక్క, పాత బనీను గుడ్డ. ఇవి లేకుండా ఊరు దాటితే చొక్కా లేకుండా వెళ్లినట్టే. టూ స్ట్రోక్ ఇంజను కదా, నూనె పెట్రోలుతో కలిసి కాలాలి. ఆ మసి ప్లగ్గు మూతిలో పట్టేస్తే నిప్పురవ్వ రాదు, బండి నడిరోడ్డు మీద దగ్గి ఆగిపోతుంది. వేడి ప్లగ్గు విప్పడానికి బనీను గుడ్డ, గీకడానికి గరుకు కాగితం. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాల్లో తెల్లచొక్కా కఫ్‌కి నల్ల మరక అంటకపోతే నువ్వు నిజం రెప్పువి కావు.

ఆయిలు కొలత మాత్రం నా సొంత కనిపెట్టు. లీటరు పెట్రోలుకి నలభై మిల్లీలీటర్లు కలపాలని భాయ్ లెక్క. బంకులో చేతి పంపుతో కొట్టే ఆయిలు మీద నాకు నమ్మకం లేదు. టానిక్ సీసాల మీద గీతలున్న చిన్న మూత ఉంటుంది కదా, దాంతో పదిహేను గీత దాకా రెండుసార్లు, పది గీత దాకా ఒకసారి. సరిగ్గా నలభై. ముందు ఆయిలు ట్యాంకులో పోసి, దాని మీద పెట్రోలు పట్టిస్తే చక్కగా కలిసేది. ఇంత శాస్త్రీయంగా ఆయిలు తాగిన బండి ఉభయగోదావరి జిల్లాల్లో ఇంకోటి ఉండదు. ఆ ఆయిలుని దేంట్లో పట్టుకెళ్లేవాణ్ణి? దగ్గు మందు శాంపిల్ సీసాలో. లేబుల్ చింపే తీరిక ఉండేది కాదు.

నిడదవోలులో ఒక క్లినిక్‌లో కాంపౌండరు నాకు బాగా చనువు. నేను డాక్టరు గారితో మాట్లాడుతుండగా, "శాంపిల్సు తీసుకుంటున్నానండీ" అని బ్యాగులో చెయ్యి పెట్టాడు. ఆయనకి నిజంగానే దగ్గు. బయటికొచ్చేసరికి సీసా మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, నా వైపు అనుమానంగా చూస్తున్నాడు. "ఇది కొత్త ఫ్లేవరా అండీ?" అన్నాడు. నాకు చెమటలు పట్టాయి. ఆ రాత్రి ఈ సంగతి నవ్వుతూ చెబితే మా ఆవిడ నవ్వలేదు. సీసా తీసుకెళ్లి పెంటకుప్పలో పారేసింది. ఇంకెప్పుడూ మందు సీసాలో పొయ్యనని ఒట్టు వేయించుకుంది.

ఆ ఒట్టు తర్వాత నా కొంప ముంచింది. ఆ కథ కాసేపట్లో.

*

భాయ్ పేరు రాయను, ఆయనకిష్టం ఉండదు. కోటిపల్లి బస్టాండు నుంచి లోపలికి వెళ్లే సందులో రేకుల షెడ్డు. బోర్డు లేదు. వేపచెట్టు ఉంది, అదే గుర్తు. నాకంటే పదేళ్లు పెద్ద. గళ్ల లుంగీ, చేతుల్లేని బనీను, ఎడమ చెవి వెనక బీడీ. కుడి చెవి వెనక ఎప్పుడూ ఏమీ పెట్టేవాడు కాదు. అది పని చెవి.

బండి తీసుకెళ్లి సమస్య చెప్పడం మొదలుపెడితే చెయ్యెత్తి ఆపేవాడు. "మీరు చెప్పకండి బాబుగారూ. దాన్ని చెప్పనివ్వండి." స్టార్ట్ చేయించి, యాక్సిలరేటర్ కొద్దిగా ఇమ్మని, పొడవాటి స్క్రూడ్రైవరు ఒకటి తీసేవాడు. పసుప్పచ్చ చెక్కపిడి, నూనె పట్టి నల్లబడిపోయింది. దాని మొన ఇంజన్ కేసు మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి గుచ్చిపెట్టి కళ్లు చిట్లించేవాడు. మొన జరిపేవాడు. బోరు మీద, క్రాంకు మీద, గేర్‌బాక్సు మీద. పల్లె నుంచి వచ్చిన రోగి వీపు మీద డాక్టరు స్టెత్ జరుపుతుంటే ఆ రోగి ఊపిరి బిగబట్టుకుంటాడే, నేనలా నిలబడేవాణ్ణి. లేచి ఒక్క మాట చెప్పేవాడు. "పిస్టన్ పిన్ను." లేదా "ఏం లేదండి, చైనుకి నూనె లేదు, అంతే." ఇంజను విప్పాక ఆ మాట తప్పడం నేను చూసింది రెండుసార్లు. రెండుసార్లూ ఆయనకి జలుబు.

ఒకసారి నా కస్టమర్ డాక్టరు గారికి ఈ సంగతి చెబితే ముచ్చటపడి తన పాత స్టెతస్కోపు ఇచ్చి పంపారు. భాయ్ దాన్ని చెవులకి తగిలించుకుని, బిళ్లని ఇంజన్ మీద పెట్టి, అర నిమిషంలో తీసేశాడు. "బజారంతా వినపడుతోందండి. బండి తప్ప. ఇది మనుషులకే బాగుంటుంది" అని గోడకి తగిలించాడు. చాలా ఏళ్లు అది అక్కడే వేలాడింది. షెడ్డుకొచ్చిన పిల్లలు దాంతో డాక్టరాట ఆడుకునేవాళ్లు.

నా లిటరేచర్ కార్డులకి మాత్రం ఆయన దగ్గర మంచి గిరాకీ. మంచి దళసరి ఆర్ట్ పేపరు. ప్లగ్గుకి నిప్పురవ్వ తెప్పించే కాంటాక్ట్ పాయింట్లు ఎమెరీ కాగితంతో రుద్దాక, వాటి మధ్య దుమ్ము మిగలకుండా ఆ కార్డు అంచు పెట్టి లాగేవాడు. గుడ్డ అయితే పోగులు వదులుతుందట. పాయింట్ల గ్యాపు గేజీ లేకుండా చూడటానికీ అవే. "గ్యాసు మందు కార్డు కాదండి, అది పల్చన. ఆ బీపీ మందుది ఇవ్వండి" అని అడిగి తీసుకునేవాడు. మా కంపెనీ బొంబాయిలో ఎంతో ఖర్చుపెట్టి అచ్చేయించిన కార్డు రాజమండ్రి రాజ్‌దూత్‌ల బీపీ సరిచేసిందని మా మేనేజరుకి ఎప్పుడూ చెప్పలేదు.

మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా డాక్టర్లు నిద్రపోతారు, రెప్పులు ఖాళీ. నేను వేపచెట్టు కిందే. అప్పుడు పందెం నడిచేది. అందరూ రోడ్డుకి వీపు పెట్టి కూర్చోవాలి. సందు మొదట్లో బండి వినపడగానే అది ఏదో చెప్పాలి. తప్పితే టీలు వాడివి. లూనా అంటే చిన్నపిల్లలే చెప్పేస్తారు. చేతక్, ప్రియ స్కూటర్ల మధ్య తేడాకి కొంచెం చెవి కావాలి. బుల్లెట్ వస్తే ఎవరూ నోరు తెరవరు, దాన్ని చెబితే పరువు తక్కువ. ఆర్‌ఎక్స్100 అంటే భాయ్‌కి చిన్నచూపు. "తేనెటీగ" అనేవాడు. కానీ దాని పికప్ గురించి ఎవరైనా మాట్లాడితే మాట మార్చేవాడు.

మేం బండి పేరు చెప్పేవాళ్లం. భాయ్ మనిషిని చెప్పేవాడు. "పాలాయన రాజ్‌దూత్. వెనక క్యాన్లు ఖాళీ. క్లచ్ ప్లేట్లు అయిపోయినా వాడు మార్చడు." "లెక్చరర్ గారి స్కూటరు, ఇవాళ వెనకాల అమ్మగారున్నారు." ఎలా తెలిసిందంటే, ఒక్కడే అయితే మూడో గేర్లో మలుపు తిరుగుతాడట, ఆవిడుంటే రెండులోకి దింపుతాడట. ఆవిడ నిజంగానే ఉండేది.

నేను మొదటి రెండేళ్లూ ఓడిపోయాను. ఎన్ని టీలు పోయించానో లెక్కలేదు. మూడో ఏట ఒక మధ్యాహ్నం, "అదిగో భాయ్, నీలం సుజుకీ, చైను వదులుగా ఉంది" అన్నాను. భాయ్ తల తిప్పకుండానే పని చేసుకుంటూ, "బాబుగారికి టీ చెప్పండ్రా" అన్నాడు. ఆ ఏడు నాకు సేల్స్‌లో జోనల్ ప్రైజు కూడా వచ్చింది. అది ఇప్పుడు ఎక్కడుందో తెలీదు.

*

సోమవారం కొవ్వూరు, నిడదవోలు, తాడేపల్లిగూడెం. మంగళవారం రావులపాలెం మీదుగా అమలాపురం, రాత్రి అక్కడే. బుధవారం ముక్తేశ్వరం దాకా వచ్చి, పంటు ఎక్కి గౌతమి దాటి కోటిపల్లిలో దిగి, ద్రాక్షారామం, రామచంద్రపురం. నెలకోసారి యానాం. యానాం పుదుచ్చేరిది కాబట్టి పెట్రోలు రేటు తక్కువ. అక్కడ ట్యాంకు నింపుకోకుండా వచ్చిన రెప్పుని మేం మనిషి కింద లెక్కేసేవాళ్లం కాదు. ఎదుర్లంక దగ్గర బాలయోగి పేరు పెట్టిన వంతెన తర్వాతెప్పుడో వచ్చింది. మా రోజుల్లో అక్కడా పంటే.

పంటు ఎక్కించడం ఒక విద్య. ఒడ్డు నుంచి పంటు మీదకి చెక్కలు వేసేవారు. వానాకాలం బురదలో ఆ చెక్కలు జారతాయి. బండి స్టార్ట్‌లో ఉంచి, ఫస్ట్ గేర్లో, మనిషి పక్కన నడుస్తూ క్లచ్ సగం వదిలి ఎక్కించాలి. ఎక్కాక ఇంజను ఆపితే, అంతదాకా ఇంజను చప్పుడు కింద అణిగి ఉన్నవన్నీ ఒక్కసారిగా పైకొచ్చేవి. నీళ్లు చెక్కలకి కొట్టుకోవడం, కొబ్బరికాయల బస్తాల మీద కూర్చున్న ఆడవాళ్ల మాటలు, ఎవరిదో మేక. వేడి సైలెన్సరు మీద వాన చినుకు పడితే టిస్సుమనేది. ఆ టిస్సు ఇప్పుడు నాకు వినపడదు. మొన్న ఇంట్లో పెనం మీద నీళ్లు చల్లి చూశాను.

గోదావరి రోడ్డు కం రైలు వంతెన మీద తిరుగు ప్రయాణం రాత్రి ఎనిమిదికి. 1974లో కట్టిన వంతెన అది, కింద రైళ్లు, పైన రోడ్డు, నాలుగు కిలోమీటర్ల పొడవు. మధ్యలో ఉండగా కింద నుంచి మెయిల్ పోతే వంతెన మొత్తం వణికేది. ఆ వణుకు హ్యాండిల్‌లోకి వచ్చేది, మోచేతుల్లోకి వచ్చేది. మొదట్లో ఇంజన్‌లో ఏదో తేడా అనుకుని రెండుసార్లు బండి ఆపేశాను. వరికోతల ముందు రోజుల్లో పురుగులు. హెల్మెట్లు లేని కాలం. రాత్రి కళ్లద్దాలు పెట్టుకుంటే కనపడదు, పెట్టుకోకపోతే కళ్లలో పడతాయి. సగం దారి ఒక కన్ను మూసుకునే నడిపేవాణ్ణి.

చెవుల సంగతి కూడా ఇక్కడే చెప్పెయ్యాలి. ఆ వయసులో చేసే పిచ్చిపనే నేనూ చేశాను. సైలెన్సర్ల లోపల శబ్దాన్ని అణిచే గొట్టాలు ఉంటాయి. మసి కాల్చడానికి భాయ్ వాటిని బయటికి తీసినప్పుడు, మళ్లీ పెట్టొద్దన్నాను. "చెవులు పోతాయండి" అన్నాడు. వినలేదు. రెండేళ్లు అలాగే తిరిగాను. లాలాచెరువు దాటగానే ఇంట్లో వినపడేదట, అమ్మ బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టేది. నేను చెప్పులు విప్పేసరికి అన్నం ఉడుకుతుండేది. నిజానికి ఆ గొట్టాలు లేకపోతే ఆ ఇంజను లాగుడు కూడా తగ్గుతుంది. అది కూడా భాయ్ చెప్పాడు.

*

ఒట్టు కథ. ఒక సాయంత్రం అమలాపురం నుంచి వస్తూ కొత్తపేట దాటాక రిజర్వు కూడా అయిపోయింది. ఎడమకి వంచాను, కుడికి వంచాను, మూత తీసి ట్యాంకులోకి ఊదాను కూడా. ఊదితే అడుగున మిగిలింది కార్బొరేటర్‌కి దిగుతుందని మా నమ్మకం. లాభం లేకపోయింది. కిరాణా కొట్టులో లీటరు సీసా పెట్రోలు కొన్నాను. ఆయిలు లేదు. దగ్గు మందు సీసా ఉండుంటే ఉండేది. రావులపాలెం ఎంతో లేదు కదా, ట్యాంకు గోడలకి అంటుకున్న ఆయిలు చాలదా, అనుకున్నాను. ఇంత చదువుకుని ఎలా అనుకున్నానో ఇప్పటికీ అర్థం కాదు.

కొంతదూరం బ్రహ్మాండంగా వెళ్లింది. పొగ లేదు, మునుపెన్నడూ లేనంత చురుగ్గా లాగింది. తర్వాత గొంతు మారింది. లోపల ఎవరో పళ్లు కొరుకుతున్నట్టు సన్నటి కీచు. ఆ కీచు ఏమిటో గుర్తుపట్టేలోపే వెనక చక్రం బిగుసుకుపోయింది. చెయ్యి దానంతటదే క్లచ్ పట్టేసింది కాబట్టి కాలవలో పడలేదు. ఇంజను పట్టేసింది.

కాలవ గట్టు మీద కూర్చున్నాను. ఇంజను చల్లారుతూ టక్, టక్‌మంటోంది. సైకిలు మీద అరటిగెలలు వేసుకెళ్తున్న ఒకాయన ఆగి, "నీళ్లు కొట్టమంటారా?" అన్నాడు. వద్దు బాబోయ్ అన్నాను, వేడి బోరు మీద నీళ్లు పడితే చీలిపోతుంది. ఒక గెల నుంచి నాలుగు పళ్లు తుంచి ఇచ్చి వెళ్లాడు. ముప్పావుగంట తర్వాత చేత్తో రాడ్డు నొక్కితే మెల్లగా కదిలింది. రావులపాలెం దాకా తోసుకుంటూ వెళ్లి, ఆయిలు పోయించి, ముప్పై స్పీడు దాటకుండా రాజమండ్రి చేరాను. అమ్మ ఆ రోజు బియ్యం కడగలేదు. అంత మెల్లగా వచ్చే బండి నాది కాదనుకుందట.

మర్నాడు భాయ్ బోరు లేపాడు. పిస్టన్ బయటికి తీసి, ఎగ్జాస్ట్ వైపు తిప్పి చూపించాడు. వెండిరంగు పిస్టన్ మీద నిలువునా సన్నటి గీతలు. నా చూపుడువేలు పట్టుకుని, గోరుని ఆ గీతల మీద అడ్డంగా నడిపించాడు. "గోరు జారితే ఎమెరీ. గోరు ఆగితే బోరింగు." నా గోరు మూడుచోట్ల ఆగింది. అంటే సిలిండరు లోపలంతా మళ్లీ చెక్కించాల్సిందే. భాయ్ నన్ను తిట్టలేదు. ఒక్కటే అడిగాడు. "పట్టేసే ముందు కూసిందా?" కూసిందన్నాను. "విన్నారు కదా?" అన్నాడు. విన్నానన్నాను. ఇంకేం మాట్లాడకుండా పిస్టన్‌ని కిరసనాయిలు పళ్లెంలో పెట్టాడు.

*

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తుపాను. వెయ్యి మందికి పైగా పోయారు. రెండ్రోజుల తర్వాత డాక్టర్లు అడిగిన ఓఆర్‌ఎస్ పొట్లాలు, జ్వరం బిళ్లలు బ్యాగు నిండా కుక్కుకుని బయల్దేరాను. కొబ్బరిచెట్లు రోడ్డుకడ్డంగా ఎక్కడికక్కడ పడున్నాయి. జనం బండిని మోసి అవతల పెట్టారు. కొన్నిచోట్ల చెట్ల కింది నుంచి పడుకోబెట్టి లాగాం. ట్యాంకుకి కుడివైపు సొట్ట అప్పుడు పడింది. అమలాపురం చేరేసరికి చీకటైంది. ఆ రాత్రి గురించి ఇంతకన్నా రాయలేను.

ఆ ఏడే మైసూరు ఫ్యాక్టరీ మూతపడింది. ఆర్‌ఎక్స్100 కూడా ఆ ఏడే ఆగిపోయింది. భాయ్‌కి ఫ్యాక్టరీ వార్త తెలిసిన రోజు షెడ్డు కట్టేసి విజయవాడ వెళ్లాడు. ఆటోనగర్‌లో దొరికినన్ని యెజ్డీ పిస్టన్లు, రింగులు, బేరింగులు రెండు గోనెసంచుల్లో వేసుకుని రైల్లో తెచ్చాడు. ఎవరికోసం అని వాళ్లావిడ గొడవ. ఆ డబ్బుతో ఇంటి పైకప్పు మార్చాల్సిందట. ఆ వానాకాలం వాళ్లింట్లో గిన్నెలు పెట్టుకున్నారు.

ఆ తర్వాత నేను ఏరియా మేనేజర్నయ్యాను, హైదరాబాద్ వేశారు, పిల్లల చదువులు, కారు. వెళ్లే ముందురోజు యెజ్డీని షెడ్డులో పెట్టి తాళం భాయ్ చేతికిచ్చాను. డబ్బులివ్వబోతే వద్దన్నాను. "ఉంచుతానండి, మీరొచ్చినప్పుడు తీసుకుందురు" అన్నాడు. నాలుగైదుసార్లు వచ్చాను. ప్రతిసారీ స్టార్ట్ చేసి వినిపించేవాడు. నేను సగం ఫోన్లో మాట్లాడుతూ వినేవాణ్ణి. ఆయన పోయినట్టు వాట్సాప్‌లో తెలిసింది, నలభై రోజులయ్యాక.

*

టీ గ్లాసు అక్కడ పెట్టి సందులోకి నడిచాను. వేపచెట్టు ఉంది. రేకులు పోయి స్లాబు వచ్చింది. భాయ్ కొడుకు గుర్తుపట్టి కుర్చీ వేశాడు. చిన్నప్పుడు స్టెతస్కోపుతో ఆడుకున్న పిల్లాడే, ఇప్పుడు గడ్డం నెరిసింది. కొత్త బళ్లకి వైరు తగిలించి చేతిలో ఉన్న మిషన్లో చూసుకుంటున్నాడు. "ఇప్పుడు బళ్లే చెప్పేస్తున్నాయి అంకుల్, ఎక్కడ నొప్పో" అని నవ్వాడు. ఏదో అడిగాడు, వినపడలేదు. చెవులు చూపించాను. తలూపి, దగ్గరికొచ్చి గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టాడు.

మనవడు యెజ్డీ స్టాండు వేశాడు. ఎడమ సొట్టా కుడి సొట్టా రెండూ ఉన్నాయి. మిగతాదంతా కొత్త రంగు. జులై రెండో ఆదివారం జావా, యెజ్డీలున్నవాళ్లంతా బళ్లు తీస్తారట, వైజాగ్‌లో కలుస్తారట, దానికోసం ఇంజను దింపి తాతయ్య సంచుల్లోని సామాన్లతో వాడే చేశాడట. "ఒక్క చిన్న సౌండు మిగిలిపోయింది తాతయ్యగారూ. నేను చైన్ అంటున్నా. నాన్న కాదంటున్నారు."

గోడకి స్టెతస్కోపు లేదు. స్క్రూడ్రైవరు మాత్రం మేకుకి వేలాడుతోంది. పసుప్పచ్చ పిడి పూర్తిగా నల్లబడిపోయింది. కుర్రాడు రాడ్డు వెనక్కి తిప్పి ఒక్క తన్ను తన్నాడు. పొగ వచ్చింది. చప్పుడు నాకు దూరంగా, గోడవతల ఎవరో పిండి రుబ్బుతున్నట్టుంది.

మోకాళ్ల నొప్పులతో మెల్లగా కింద కూర్చుని, మొనని క్రాంకు కేసు మీద ఆనించి, పిడి చెవి వెనక పెట్టాను. మొదట ఏమీ లేదు. గట్టిగా నొక్కాను. వచ్చింది. పుర్రెలోకి సరాసరి వచ్చింది. కొత్త పిస్టన్, బిగువుగా, శుభ్రంగా. మొన ఎడమకి జరిపాను. క్లచ్ వైపు బాగుంది. కుడికి వెళ్లాను, డైనమో వైపు. అక్కడ, ఇసకలో రోలు తిరుగుతున్నట్టు, సన్నగా ఒక గుర్రు.

కుర్రాడి పెదాలు కదులుతున్నాయి. ఏం వినపడుతోందనే అడుగుతుంటాడు.

"కుడివైపు మెయిన్ బేరింగు" అన్నాను. "పాతది వదిలేశావా?"

వాడు వాళ్ల నాన్న వంక చూశాడు. వాళ్ల నాన్న ఏమీ అనకుండా వేలెత్తి సందు చివర టీ కొట్టు వైపు చూపించాడు. కుర్రాడు బండి ఆపి, జేబులో డబ్బులు తడుముకుంటూ బయల్దేరాడు.